మా జేజి పెట్టిన తుపాకీ చట్టం

నా చిన్నప్పుడు మా తుపాకీ మా ఇంట్లో ఉండేది, దానికి వేసే మందు మాత్రం ఎదురింట్లో ఉండేది. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది వేంపల్లె దగ్గర చిన్న ఊరు. శెనక్కాయ చేలలో అడవిపందులు పడి ఒక్క రాత్రిలో పంటంతా తవ్విపోసేవి. అందుకని మా జేజినాయన పేరున, అంటే మా నాయన తండ్రి పేరున, సర్కారు తుపాకీ లైసెన్సు ఇచ్చింది. గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపుది. మందు లేకపోతే అది వట్టి ఇనపగొట్టం, అంతే.

సర్కారు చట్టం చాలదని మా జేజి, మా నాయనను కన్నతల్లి, దానిమీద తన చట్టం ఒకటి పెట్టింది. మందుడబ్బా ఎదురింటి గాజుల తాత దగ్గర ఉండాలి. దీపాలు పెట్టినాకే ఆయన దాన్ని ఇవ్వాలి, తెల్లారగానే మిగిలింది తిరిగి తీసుకోవాలి. గాజుల తాత ఊరూరా తిరిగి గాజులమ్మే సాయిబు. సెంటు భూమి లేదు కాబట్టి ఆయనకు ఊళ్ళో ఎవరితోనూ గట్టు తగాదా లేదు. మా జేజి ఆయన్ని ఏరికోరి పట్టుకున్నది అందుకే.

మా చిన్నాయనకు ఇదంతా నామోషీగా ఉండేది. "చంపాలనుకున్నోనికి కొడవలి చాలదామ్మా? దీనికి ఇన్ని కట్టుబాట్లెందుకు?" అని వాదించేవాడు. మా జేజి జొన్నలు చెరుగుతూనే జవాబు చెప్పేది.

"కొడవలైతే దగ్గరికి పోవల్లరా. మొగం చూడల్ల. అంతలోకి ఎవురో ఒకరు అడ్డం పడతారు."

నేను చిన్నాయన పక్షం. ఎనిమిదేళ్ళదాన్ని, అడిగినప్పుడల్లా చేనికి వెంట తీసుకుపోయే మనిషి ఏం చెప్పినా నాకు అదే సరైన మాట.

శెనక్కాయ పీకే రోజుల్లో ఒక సంతరోజు పెద్దవాళ్ళంతా వేంపల్లెకు పోయారు. మిట్టమధ్యాహ్నం చిన్నాయన చేని నుంచి వచ్చాడు. చొక్కా చినిగి ఉంది, చెంప వాచి ఉంది. మా దాయాది ఒకాయన, వరసకు నాకు పెదనాయన, గట్టు దగ్గర మాటా మాటా పెరిగి కూలివాళ్ళందరి ముందర చెప్పుతో కొట్టాడట. చిన్నాయన గోడకున్న తుపాకీ దింపి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. మందు నేను తెచ్చిస్తానన్నాను. ఆయన వద్దనలేదు.

పరుగున పోయి, చేలో పంది పడింది, చిన్నాయన మందు ఇమ్మంటున్నాడని చెప్పాను. గాజుల తాత పంచలో కూర్చుని గాజులను సైజుల వారీగా తాళ్ళకు ఎక్కిస్తున్నాడు. తలెత్తి ముందు ఎండవైపు చూశాడు, తర్వాత నావైపు.

"పట్టపగలు పంది యాడ పడిందమ్మా?"

పంది రాత్రి తప్ప చేనికి రాదని మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. నేనాడిన అబద్ధం అంత అందంగా ఉంది. భోరుమని ఏడ్చి ఉన్నదంతా కక్కేశాను. తాత నన్ను తిట్టకుండా చిన్నాయన్నే వచ్చి అడగమన్నాడు.

చిన్నాయన వచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. మా మందు మాకిచ్చేదానికి నువ్వెవరన్నాడు. తాత లేవను కూడా లేవలేదు.

"ఇయ్యనని యాడంటినప్పా? దీపాలు పెట్టనీ. మీయమ్మకు మాటిచ్చినా. అంతదాకా ఉత్తగా కూసోకుండా ఈ గాజులు ఎక్కించు" అని ఒక బుట్ట ముందుకు తోశాడు.

చిన్నాయన ఎందుకు కూర్చున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకెక్కడికీ పోవడానికి తోచలేదేమో. మొదట్లో మూడు గాజులు పగిలాయి, కాసేపటికి ఇంకో రెండు. తర్వాత పగలలేదు. నేను పక్కనే కూర్చుని ముక్కలు ఏరాను. పొద్దువాలేసరికి చిన్నాయన ఎవరూ అడగకుండానే జరిగింది చెప్పడం మొదలుపెట్టి, చెప్పుకుంటూ పోయి, ముందు తను ఏం కూశాడో కూడా చెప్పేశాడు.

తాత భార్య దీపం పెట్టింది. తాత మాట తప్పలేదు. పెట్టె తెరిచి మందుడబ్బా తెచ్చి, దీపానికి దూరంగా చిన్నాయన ముందర పెట్టి, తీసుకోమన్నాడు. ఆ క్షణాన నాకు మొదటిసారి భయమేసింది. పెదనాయన మొహం, ఆయన పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. చిన్నాయన ఆ డబ్బాను తాత వైపుకే తోశాడు.

"పంది వచ్చినప్పుడు చూస్తాంలే తాతా" అన్నాడు. లేచి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు.

ఆ గట్టు తగాదా పంచాయితీలోనూ కోర్టులోనూ ముప్పై ఏళ్ళు సాగింది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ముసలివాళ్ళయి, ఎవరి మంచంలో వాళ్ళు పోయారు. పెదనాయన కూతురే నా పెళ్ళిలో నాకు జడ వేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

తుపాకీ చట్టాలతో హత్యలు తగ్గుతాయా అని ఇప్పుడు మా మనవలు టీవీ ముందర వాదించుకుంటారు. చెడ్డవాడు చట్టాన్ని లెక్కచెయ్యడంటాడు పెద్దవాడు. నిజమే. మా చుట్టుపక్కల ఊళ్ళలో లైసెన్సు లేని తుపాకులు గడ్డివాముల్లో దాచుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళను ఏ జేజీ ఆపలేకపోయింది. కానీ మంచివాళ్ళ చేతిలో ఉంటే భయమేముందని వాడన్నప్పుడు మాత్రం నేను ఊరుకోలేను. ఆ పొద్దు మా ఇంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. తుపాకీ ఒళ్ళో పెట్టుకున్నది మా చిన్నాయన, మందు కోసం పరుగెత్తింది నేను.