లయొనెల్ పక్కన పెట్టిన ఫైలు

లయొనెల్ మీద నాకు మొదటి రోజు నుంచే అనుమానం. 1997లో నేను విజయవాడ నుంచి వచ్చి, డర్బన్‌లో ఒక ప్రభుత్వ గృహశాఖలో అంతర్గత ఆడిటర్‌గా చేరాను. అతనూ ఆడిటరే. ఆ ఊరి పక్కనే సీ కౌ లేక్‌లో పుట్టాడు, చెరకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవడు. పక్క సీటువాడి సెలవు చీటీ మీద సాక్షి సంతకం కూడా పెట్టేవాడు కాదు. ఇంత జాగ్రత్త ఎందుకు, ఏదో దాస్తున్నాడనే అనుకున్నాను.

కొత్త ఇళ్ల జాబితా తనిఖీ చేస్తుండగా దొరికిపోయాడు. కట్టలోంచి ఒక ఫైలు తీసి సొరుగులో పెట్టి తాళం వేయడం కళ్లారా చూశాను. వెళ్లి నిలదీశాను.

"ఏముంది అందులో?"

సొరుగు తాళం తీసి ఇచ్చాడు. డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లో ఒకే చిరునామా, ఒకే పుట్టిన తేదీ, రెండు దరఖాస్తులు. ఒకటి కొండమ్మ పేరున, ఇంకోటి ఆడ్రీ పేరున. రెండిటికీ ఇళ్లు మంజూరయ్యాయి. మోసంగా రెండు పేర్లతో అడిగినవాళ్లకు ఒక్క ఇల్లూ ఇవ్వకూడదని నిబంధన.

"మా పెద్దమ్మ, రావు అన్నా. బాప్తిస్మం అయ్యి ఆడ్రీ అయింది. పాత పేరు మీద ఇల్లు తీసుకుంటే పాపం అనుకుంది. కొత్త ఫారం పెట్టింది. పాతది క్యాన్సిల్ చెయ్యాల, ఆమెకి తెలీదు."

"అందుకని దాచేశావా?"

"నా మనిషిది నేను చూడకూడదు. మీకియ్యమని మన బాస్ నెవిల్‌కి లెటర్ పెట్టినా."

కాపీ చూపించాడు. తేదీ ఆ ఉదయానిదే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫైలు నా చేతికొచ్చింది. షాల్‌క్రాస్ వెళ్లి చర్చి రిజిస్టరు చూశాను. మొదటి ఫారం పెట్టిన ఏడాదికి ఆమె బాప్తిస్మం తీసుకుంది. మోసం లేదు, ఒక ఇల్లు రద్దు చేసి ఒకటి ఇవ్వాలని రాశాను. మా పై అధికారి నెవిల్ రెండుసార్లు చదివి తలెత్తాడు.

"మీరిద్దరూ తెలుగువాళ్లే కదా?"

నేను లయొనెల్‌ని అన్నాళ్లూ చూసిన చూపే అది. ఫైలు మూడో మనిషికి వెళ్లింది. అతనూ నేను రాసిందే రాశాడు. పదకొండు నెలలు ఆలస్యంగా ఆమెకి ఇల్లొచ్చింది.

గృహప్రవేశ ప్రార్థన రోజు ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. వెళితే నెవిల్ అనుమానమే నిజమంటారని లయొనెల్ వద్దన్నాడు. ఇద్దరం వెళ్లలేదు. ఎందుకో ఆమెకి చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది.

"నా సెల్లి కొడుకు ఆఫీసరయ్యాడు, నా చేతి కూడు నామోషీ" అని ఆమె చర్చిలో కనిపించినవాళ్లందరికీ చెబుతోందట.