ఓడల వేళలకు ముందు బరోక్ అరగంట

సునామీ సాయం కింద మా దీవులకు ఏమేమి వచ్చాయో చెబితే నమ్మరు. పోర్ట్‌బ్లెయిర్ ఉక్కపోతకు ఉన్ని స్వెట్టర్లు వచ్చాయి. మంచులో పెట్టుకునే టోపీలు వచ్చాయి. ఎవరో పుణ్యాత్ములు ఒక అట్టపెట్టె నిండా బరోక్ సంగీతం సీడీలు కూడా పంపారు. స్వెట్టర్లను జనం దిండ్లలో కుక్కుకున్నారు. సీడీలు మాత్రం వచ్చి నా నెత్తిన పడ్డాయి.

సునామీ తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ ఇక్కడ చిన్న రేడియో పెట్టింది. అందులో నేను అనౌన్సర్‌ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాన్న, నేను ఇక్కడే పుట్టాం. ఉదయం ఎనిమిదింటికి ఓడల వేళలు చదవడం నా పని. ఏ దీవికి ఏ ఓడ, ఎన్నింటికి బయలుదేరుతుంది, టికెట్ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారు, అంతే. కానీ ఆ పది నిమిషాలు రేడియో మోగని ఇల్లు ఉండేది కాదు. నన్ను చూడనివాళ్లు కూడా బజార్లో నా గొంతు విని, "దీదీ, రేపటి ఓడ ఖాయమేనా?" అని అడిగేవారు.

మా ఇన్‌ఛార్జి సారు మెయిన్‌లాండ్ మనిషి. దాతలు ఇచ్చినదాన్ని వాడాలి, వాడినట్టు రిపోర్టు పంపాలి అన్నది ఆయన పట్టుదల. "ఏడున్నర నుంచి ఎనిమిది దాకా బరోక్ వెయ్యండి మేడమ్. ఓడల కోసం ఎలాగూ రేడియో పెట్టుకుంటారు కదా" అన్నారు. బరోక్ అంటే ఏమిటని అడిగాను. పెట్టె మీద రాసి ఉంటుంది చూడమన్నారు. చూశాను. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో చర్చిల్లోనూ రాజుల కొలువుల్లోనూ వాయించిన సంగీతమట. అంతకు మించి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి రోజు అట్ట మీద బొమ్మ బాగుందని ఒక సీడీ తీసి పెట్టాను. నెమ్మదైన వయొలిన్లు. పేరు చదువుదామంటే నోరు తిరగలేదు, అందుకని ఏమీ చెప్పకుండా నేరుగా వేసేశాను. వింటుంటే హాయిగా ఉంది. కాళ్లు చాపుకుని టీ కూడా తాగాను.

మన దేశంలో రేడియో పొద్దున్నే మాటా పలుకూ లేకుండా నెమ్మది వయొలిన్లు వాయిస్తోందంటే దాని అర్థం అందరికీ తెలుసు. ఢిల్లీలో ఎవరో పెద్ద నాయకుడు పోయాడని. ఆ సంగతి దీవులన్నిటికీ తట్టింది, అనౌన్సర్‌కి తప్ప. ఏడూ నలభైకి ఫోన్ మోగింది. చౌల్దారీ నుంచి ఒక మాస్టారు. పిల్లల్ని ప్రార్థనకు నిలబెట్టి రెండు నిమిషాల మౌనం కూడా పాటించేశారట, సెలవు ఇవ్వాలా వద్దా చెప్పమన్నారు. తుష్నాబాద్ బస్సు డ్రైవర్ సినిమా పాటలు ఆపేసి బండిని మెల్లగా నడుపుతున్నాడని ఇంకొకరు చెప్పారు. మూడో ఫోన్ మా నాన్నది.

నాన్నకు బ్రూక్షాబాద్‌లో మైకు సెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. "ఏటమ్మా, ఎవులు పోయినారు? షట్టరు సగం దించినాను. మొత్తం దించాలా, సగం చాలా?"

"ఎవరూ పోలేదు నాన్నా. అది పాట."

"పాటా? మరి మాటలేవి?"

"మాటలుండవు."

"మాటల్లేకపోతే అయిపోయిందని ఎలాగ తెలుస్తాది?" అన్నాడు. అప్పటికే నాన్నను చూసి పక్క షాపులవాళ్లు కూడా షట్టర్లు దించేశారట. ఇక వాళ్లందరికీ ఆయనే తిరిగి తిరిగి చెప్పుకోవాల్సి వచ్చింది. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇన్‌ఛార్జి సారు చేతులు జోడించి, "ఒక్క నెల మేడమ్. నెలలో దీన్ని ఉంచమని పాతిక ఉత్తరాలు రాకపోతే, ఆ అరగంట సినిమా పాటలకు ఇచ్చేద్దాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నిన్నటిదాకా ఆ సంగీతం మీద నాకు ఏ మోజూ లేదు. తీసేస్తామనగానే అది నా సొంత సొత్తయి కూర్చుంది. మర్నాటి నుంచి ప్రతి పాటకూ ముందు, "శ్రోతలారా, ఎవరూ చనిపోలేదు" అని హిందీలో, తెలుగులో చెప్పి మరీ వేశాను.

ఉత్తరాలు వచ్చాయి. కానీ ఒక ఉత్తరం అడిగింది ఇంకో ఉత్తరానికి పడదు. హార్ప్సికార్డ్ అనే తీగల పెట్టె వాయిద్యం ఒకటి టకటకా మోగుతుంది. అది పెడితే కుట్టుమిషను బాగా సాగుతోందని, నెమ్మదివి వద్దని ఒక టైలరు రాశాడు. ఒక రిటైర్డు ఆఫీసరు, మీరు మూడో భాగాన్ని మధ్యలో కోసి ఓడల వేళలు చదవడం అనాగరికం అని రెండు పేజీలు తిట్టారు. మరొకాయన ఆ సంగీతాన్ని మధ్యలో కోసి ఓడల వేళలు రెండుసార్లు చదవమన్నారు. ఒక తెలుగు పిన్నిగారు, "ఆ వయొలిన్ వాయించే అబ్బాయి బాగా వాయిస్తున్నాడు, శుక్రవారం మన కీర్తన ఒకటి వాయించమని చెప్పమ్మా" అని హిందీ అక్షరాల్లో తెలుగు రాసి పంపారు. మొదటి వారానికి అన్నీ కలిపి పద్నాలుగు ఉత్తరాలు. వాటిలో ఉంచమన్నవి ఆరు.

రెండో వారంలో ఒక పెద్దాయన స్టేషన్‌కే వచ్చారు. కార్ నికోబార్ మనిషి. ఇల్లూ ఊరూ పోయాక బ్రూక్షాబాద్ పక్కన రేకుల షెల్టర్లలో ఉంటున్నారు. చర్చిలో పాడేవాళ్లకు ఆయనే పెద్ద. క్రితం రోజు నేను నాలుగు వేరువేరు గొంతులతో సాగే ఒక బృందగానం వేశాను. దాని గురించి వచ్చారు.

"బేటీ, ఆ పాట మాది" అన్నారు హిందీలో. ఎప్పుడో పాద్రీలు నేర్పిందట, తాతల నుంచి ప్రతి క్రిస్మస్‌కూ పాడతారట. అందులో ఎవరి గొంతు వాళ్లకే తెలుసు, ఒకరిది ఒకరికి రాదు. పైగొంతు ఆడవాళ్లు ఉన్నారు. మధ్యగొంతులు రెండూ ఉన్నాయి. అన్నిటికంటే కింద నడిచే గొంతు ఇద్దరు మగవాళ్లు పాడేవారు. వాళ్లిద్దరూ సముద్రంలో పోయారు, రాసుకున్న పుస్తకమూ పోయింది. "పోయిన క్రిస్మస్‌కి అందరం కలిసి పాడాం. మర్నాడే నీళ్లొచ్చాయి. ఆ కింది గొంతు ఇప్పుడు మీ రేడియోలోనే ఉంది. రోజూ వెయ్యగలవా? మా కుర్రాళ్లిద్దరు విని పట్టుకుంటారు."

క్యాసెట్లో ఎక్కించి ఇస్తానన్నాను. వాళ్ల దగ్గర సాయం కింద ఇచ్చిన అరచేతి రేడియోలు తప్ప ఏమీ లేవు. సీడీని స్టేషన్ గడప దాటించడానికి సారు ఒప్పుకోరు. సరే, రోజూ వేస్తానని మాట ఇచ్చాను. ఆయన వెళ్లాక బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఏడవనని గొప్పలు చెప్పుకునే మనిషిని నేను.

ఇక రోజూ ఏడూ ముప్పై అయిదుకి అదే పాట. శ్రోతలకు చిర్రెత్తింది. టైలరు మిషను ఆగిపోతోందని మళ్లీ రాశాడు. ఆఫీసరు గారు మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు, అదొక్కటే లాభం. సారు ఉత్తరాల ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. నెల గడువుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా పెద్దాయన మళ్లీ వచ్చారు, మొహం చిన్నబుచ్చుకుని. "నీచే వాలీ ఆవాజ్ నహీ ఆ రహీ హై, బేటీ" అన్నారు. పైగొంతులన్నీ వినిపిస్తున్నాయి, కిందిది మాత్రం ఆ బుల్లి డబ్బాలోంచి రావడం లేదు.

ఆ మాట ఇంటికెళ్లి నాన్నతో అన్నాను. నాన్న అన్నం కలుపుతూనే నవ్వాడు. "అరచేతి రేడియోలోంచి బాస్ ఎలాగొస్తాదే? దానికి బాక్సులుండాలి. రేపు ఆళ్లని షాపు కాడికి రమ్మను."

మర్నాడు షాపు ముందు మనిషి ఎత్తు బాక్సులు రెండు నిలబెట్టి, రేడియోకి తీగలు కలిపాడు. పద్దెనిమిది మంది వచ్చారట. కింది గొంతు మొదలవగానే రేకుల కప్పు గడగడలాడిందని, పక్క షాపులో గాజు సీసాలు కదిలాయని వీధంతా చెప్పుకుంది. నేను మాత్రం స్టేషన్‌లో ఉన్నాను, నాకేం కనిపిస్తుంది. రోజూ సాయంత్రం నాన్నే చెప్పేవాడు. బాక్సు లోపల అదిరే కాగితపు కోన్ చిరుగుతుందేమోనని బాక్సు మీద అరచెయ్యి ఆనించి పాట అయ్యేదాకా అలాగే నిలబడేవాడట.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. కుర్రాళ్లు పాట పట్టుకున్నారు. కానీ వాళ్ల గొంతులు అంత లోతుకు దిగలేదు. దిగాల్సిన చోట గాలే వస్తోంది. తొమ్మిదో రోజుతో నా అరగంట అయిపోయింది. మొత్తం ఉత్తరాలే పదిహేడు, చాలలేదు. పెద్దాయన నాకు చెయ్యి కలిపి, "మూడు గొంతులతో పాడుకుంటాం లే బేటీ" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

మర్నాడు ఏడున్నరకు సినిమా పాటలు వచ్చాయి. అవి నచ్చలేదో, అలవాటు తప్పిందో, నాన్న రేడియో కట్టేసి తీగలు చుట్టుకుంటూ కూనిరాగం తీస్తున్నాడట. షాపు ముందు నుంచి వెళుతున్న పెద్దాయన ఆగిపోయారు. నాన్న తీస్తున్నది కింది గొంతు. మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా జారకుండా, బాక్సులోంచి వచ్చినంత లోతుగా. ఆ గొంతుతో నలభై ఏళ్లుగా మైకు టెస్టింగ్ తప్ప ఏమీ అనలేదు నాన్న.

"భయ్యా, మాతో పాడతావా?" అని అడిగారు పెద్దాయన.

"మాటలు రావు నాకు" అన్నాడు నాన్న. మాటలు మేం నేర్పుతామన్నారు వాళ్లు. నాన్న ఆ నికోబారీ మాటలను తెలుగు అక్షరాల్లో బిల్లు పుస్తకం వెనక రాసుకుని, బజారుకు వెళ్లినా భోంచేసినా గొణుక్కునేవాడు. అమ్మకు పిచ్చెక్కింది.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. సినిమా పాటలు మొదలైన వారానికి స్టేషన్‌కు నలభైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. బరోక్ ఎందుకు ఆపారని. టైలరూ రాశాడు. మా సారు వాటన్నిటినీ రిపోర్టులో కుట్టి, జనవరి నుంచి మళ్లీ వెయ్యమన్నారు.

క్రిస్మస్ పొద్దున షెల్టర్ల మధ్య ఖాళీ స్థలంలో ప్రార్థన. నేనూ అమ్మా వెనక నిలబడ్డాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాడేవాళ్ల చివరి వరుసలోకి వెళ్లి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన వరుసంతా ఒకసారి చూసి, నాన్న దగ్గరికి వచ్చి, భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపారు.

"కొంచెం ఇటు, భయ్యా. నువ్వు నిలబడ్డది మా తమ్ముడి చోటు. ఆ పక్కన వాడి కొడుకు నిలబడేవాడు."

నాన్న ఇంకో అడుగు జరిగి, ఆ అబ్బాయి చోటు కూడా వదిలి నిలబడ్డాడు. పాట మొదలైంది.