పురుగుల నోటికాడి బువ్వ

ఆడవాళ్లు మూడు ఊళ్లు తిరిగి కూడబెట్టిన పురుగులను ఒక్క పొద్దటిపూట ఖతం చేసినవాడు జహీరాబాదులో నేనొక్కడినే. అది కూడా చవగ్గా. గడ్డిమందు రెండు డబ్బాలు కొంటే మూడోది ఉత్తగ ఇచ్చేదాకా ఆ దుకాణంలోంచి కదలలేదు. పైన కొసరుగా ఒక జత చేతితొడుగులు. నేను బయటికొస్తుంటే అమ్మినాయన గటగటా మంచినీళ్లు తాగుతున్నాడు.

మాది కిరాణా ఇల్లు. నాకొచ్చిన మొదటి మాట ‘అమ్మ’ కాదు, ‘ఇంకొంచెం’ అని మా అమ్మే అంటుంది. అటువంటివాడు పొలం కొంటే ఎట్ల కొంటాడు? ఝరాసంగం దగ్గర నాలుగెకరాలు, నిండా నడుమెత్తు వయ్యారిభామ. పేరు వినసొంపు, పని మాత్రం గోకుడు. ఆ గడ్డిని చూపించి చూపించి ధర విరగ్గొట్టాను. కొన్నాక ఆ గడ్డి కూడా నాదే అవుతుందని మాత్రం తోచలేదు.

నా గట్టు అవతల పెద్దమ్మది రెండెకరాలు. చుట్టం కాదు, ఊరంతా ఆమెను అట్లే పిలుస్తుంది. నా గడ్డి పూతకొచ్చిందంటే ఆమె మెడ, మోచేతులు ఎర్రగా దద్దుర్లెక్కి రసి కారేవి. దవాఖానలో మలాము రాసిచ్చి, ఆ గడ్డి పొంటి పోవద్దన్నారు. అంటే చేనుకే పోవద్దన్నట్టు. ఇంకో ఏడు చూస్తానని, తగ్గకుంటే భూమి కౌలుకిచ్చి బీదర్‌లో బిడ్డ ఇంటికి పోతానని గట్టు మీద నిలబడి చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను వాదనకు దిగేవాణ్ణి.

ఊరి ఆడవాళ్ల సంఘం ఊరుకోలేదు. వ్యవసాయ శాస్త్రవేత్త ఒకాయన్ను అడిగి, ఆ గడ్డిని తినే పెంకుపురుగులను ఇదివరకే వదిలిన మూడు ఊళ్లకు పోయి, వాటిని ఏరుకొచ్చారు. కందిపప్పు బద్దంత పురుగు, మీగడరంగు వీపు మీద ముదురు చారలు. జొన్న, కంది జోలికి రాదట. గడ్డి ఎక్కువ ఉన్నది నా దగ్గరే కాబట్టి నా పొలంలోనే వదిలారు. ఒక్కటే షరతు, ఈ వానాకాలం మందు కొట్టొద్దు. తలూపాను. కానీ ఊరికే వచ్చిన సరుకు మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మూడు వారాలు చూశాను. ఆకులు జల్లెడలైనాయి గానీ గడ్డి నిలబడే ఉంది. ఇవి నమిలి తినేసరికి నాకు ముసలితనం వస్తుందనుకుని, మందు కొట్టించాను.

వారంలో గడ్డంతా మాడింది. ఫోనులో ఫోటో తీసి, చక్కెరకొచ్చినవాళ్లకూ సబ్బుకొచ్చినవాళ్లకూ చూపించాను. తర్వాత రెండు వానలు పడ్డాయి. మట్టిలో దాగిన విత్తనమంతా ఒక్కసారి మొలిచి, నేల పచ్చటి జంపఖానా పరిచినట్టైంది. దాని మీద ఒక్క పురుగు లేదు.

సంఘం వాళ్లు తమ పురుగులను చూసుకుందామని వచ్చారు. ఆకులు తిరగేసి తిరగేసి చూశారు. చివరికి నేనే ఒప్పుకున్నాను. గట్టు మీంచి పెద్దమ్మ అంది:

“పురుగుల నోటికాడి బువ్వ గుంజుకున్నవు కద సేటూ. ఇగ అవి దేన్ని తినాలె, నన్నా?”

అందరూ నవ్వారు. ఆమె మోచెయ్యి గోక్కుంటూనే అంది, అందుకే నాకు నవ్వు రాలేదు.

కూలీలను పెట్టి పీకిస్తానన్నాను. పీకినోళ్లకూ దద్దుర్లే కదా అని సంఘం పెద్ద నన్ను కసిరి, నువ్వే మాతోని రమ్మంది. కోహీర్ పోయే రోడ్డు వారన పురుగులు బాగా నిలదొక్కుకున్న చోటుందట. పది పొద్దులు, దుకాణం తెరవకముందే, వాళ్లతో షేర్ ఆటోలో ఇరుక్కుని పోయాను. చేతులకు ప్లాస్టిక్ సంచులు, నిండు చేతుల అంగీ, చిల్లులు పొడిచిన మిఠాయి డబ్బాలు. పెద్దమ్మ గడ్డికి దూరంగా, గాలి అటునుంచి రాని వైపు కల్వర్టు మీద కూర్చుని డబ్బాలకు మూతలు పెట్టేది. అక్కడినుంచే నాకు పని నేర్పింది.

“జర మెల్లగ పట్టు. అది పెసరగింజ కాదు, దానికి కాళ్లుంటయి.”

మళ్లీ నా పొలంలో వదిలిన రోజు, తన గట్టుకు దూరంగా రోడ్డు వైపు ఒక పట్టె గడ్డి విడిచిపెట్టమంది. దున్నొద్దు, పీకొద్దు. పురుగులు ఆ మట్టిలోనే పండుకుని వచ్చే వానలకు లేస్తాయట. ఎంత వెడల్పని అడిగాను.

“నువ్వెంత ఇడుస్తవు?”

“నువ్వు చెప్పినంత, పెద్దమ్మా.”

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. “ఏం మతలబున్నదిరా కొడుకా ఇందుల?”

మతలబు లేదని నమ్మించడానికి, పొలం కొన్నప్పటికంటే ఎక్కువసేపు మాట్లాడాల్సి వచ్చింది. బేరం పది అడుగుల దగ్గర తెగింది.

అదంతా నిరుటి సంగతి. ఇక ఈ ఏటి లెక్క, దాచకుండా. గడ్డి పోలేదు. నడుమెత్తుది మోకాలెత్తుకు దిగింది, పూత సగానికి తక్కువ. నా తొందరకు ఒక వానాకాలం పోయింది, అందులో పెద్దమ్మ గోక్కున్న రోజులన్నీ నా పేరనే రాసుకోవాలి. ఆమె మెడ నయమైంది, మోచేతులు కాలేదు, మలాము ఇంకా రాస్తూనే ఉంది. బీదర్‌కు మాత్రం పోలేదు, చేను కౌలుకివ్వలేదు. నిండు చేతుల అంగీ తొడుక్కుని మొన్న తనే జొన్న విత్తింది. నేను పెట్టింది పది పొద్దులు, పది అడుగుల నేల. వాళ్లు పెట్టింది రెండుసార్ల చాకిరీ, రెండోసారిది పూర్తిగా నా తప్పుకే. ఎటునుంచి కూడినా, ఇచ్చినదానికంటే నాకే ఎక్కువ ముట్టింది.