టీవీ మూలన మొహం

రోజూ ఉంగరాలు తీసేసి, నల్ల చొక్కా తొడుక్కుని, టీవీ తెర మూలన చిన్న గడిలో నిలబడి చెవిటివాళ్లకు వార్తలు సైగల్లో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ భాషలో గొంతు చేసే పని మొహమే చేయాలి. ఇవాళ పరాయి దేశపు అధ్యక్షుడొకడు, పొట్ట చేతపట్టుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్లను పురుగులన్నాడు. ఏరి పారేస్తానన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె చూపుడువేలు పురుగులా మెలికలు తిరిగింది, మూతి వంకర పోయింది.

"మొహంలో ఇంకాస్త కసి కనపడాలమ్మా!" అన్నాడు ప్రొడ్యూసర్.

ఆమె బయటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

ఇంటికెళ్లేసరికి, పుట్టు చెవుడున్న తమ్ముడు టీవీ కట్టేసి కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూడకుండానే సైగ చేశాడు.

"అన్నది వాడేనని తెలుసక్కా. కానీ నాకు కనపడింది నువ్వే."