ఆవగింజంత పొడి

మా పక్కింటి మేడమ్ గత నెల పోయారు. మందుల కంపెనీ ల్యాబ్‌లో రిటైరయ్యాక, పురాతన కుండల్లో ఒకప్పుడు ఏముండేదో రసాయన పరీక్షతో తేల్చే పని పెట్టుకున్నారు. విలేకరికి ఆమెతో వార్త రాయడం నరకమని ఆమె ఉండగానే అనేవాణ్ని. ఇప్పుడూ అదే అంటాను.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర పైపులకు తవ్వుతుంటే ఒక రైతమ్మకు చేనులో కుండ దొరికింది. పరీక్షకు ముక్క కావాలని అడిగినవాళ్లను ఆమె తిప్పి పంపింది. నేను మేడమ్‌ను తీసుకెళ్లాను. కుండను సబ్బుతో తోమి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంచారు. మేడమ్ తల పట్టుకున్నారు.

"దీన్ని పెళ్లికూతుర్ని చేశావేంటమ్మా!"

"మట్టితోని దేవుని కాడ ఎట్ల వెట్టాలె మేడమ్?"

"లోపల కూడా కడిగావా?"

"మూతి సన్నగుంది. చెయ్యి పోలే."

మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు. వంటలోని కొవ్వు కుండ గోడలోకి ఇంకుతుందట. లోపల గీకిన పొడి చాలట.

"పలగ్గొట్టనంటెనే ఇస్త" అంది రైతమ్మ. "ఏం వండిండ్రో నాక్కూడ చెప్పాలె."

"మచ్చ కూడా పడనివ్వను" అని మేడమ్ మాటిచ్చారు.

నేను దగ్గరికి వెళ్లబోతే కసిరారు. "మిర్చి బజ్జీలు తిన్న చేత్తో ముట్టుకోకు. ఇందులో బజ్జీలు వేయించారని తేలుతుంది."

సన్నటి పనిముట్టును మూతిలోంచి పోనిచ్చి, మెడ లోపలి వైపు ఆవగింజంత పొడి గీకారు. ఇంకొంచెం తీయమన్నాను.

"కుండ నీదా?"

ఆ తర్వాత నెలలు గడిచాయి. వార్త ఏదని మా పేపర్ డెస్క్ నన్ను తినేసింది. ఫలితం ఏదని నేను మేడమ్‌ను తిన్నాను. చివరికి చెప్పారు: "కొవ్వు ఉంది. పాలదో మాంసానిదో తేలలేదు."

"పాలు అనుకోవచ్చా?"

"అనుకోవడానికి నేనెందుకు? నువ్వు చాలవూ?"

"ఎక్కువ గీకితే తేలేదిగా!"

"తేలేది. ఆవిడకిచ్చిన మాట పోయేది."

ఆ వార్త రాలేదు. రైతమ్మకు జవాబూ దొరకలేదు.

మేడమ్ దినం నాడు రైతమ్మ కుండను చీర ముక్కలో చుట్టుకుని మా బీరంగూడ వచ్చింది. ఫొటో ముందు కాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

"సారూ, మేడమ్ ఏడ గీకిందో నాకు దొర్కుతలే. జెర సూడు."

చెయ్యి చాపాను. కుండను వెనక్కి లాక్కుంది.

"చెయ్యి కడుక్కొని రా. మేడమ్ తిడ్తది."

కడుక్కొని వచ్చాను. ఫోన్ లైట్ వేసి మెడ లోపల చుట్టూ వెతికాను. అడుగున పాత మట్టి అలాగే ఉంది. గీకిన చోటు మాత్రం నాకూ దొరకలేదు.