చూడీలు లేని గొట్టం

"అక్కా, అబ్బా పోయిండు" అని ఉస్తాద్ ఖాదర్ గారి కూతురు నస్రీన్ కోరుట్ల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాలలో ఆయన దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. "యాడికి పోయిండు?" అని అడిగాను. అంత మూర్ఖపు ప్రశ్న నా జన్మలో అడగలేదు. ఉస్తాద్ తెల్లవారి నమాజు చదివి, చాయ్ తెమ్మని చెప్పి, ఆ చాయ్ వచ్చేలోగానే వెళ్ళిపోయారట. ఆయనకు దేనికీ ఓపిక ఉండేది కాదు, ఆఖరికి దీనికీ లేకపోయింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చొని నేనూ ఎన్నిసార్లు లేచానో చెప్పలేను. గురువు గారి కుదురులేనితనమే శిష్యురాలికీ వచ్చింది.

పోయినవారిని స్థితప్రజ్ఞులనీ, శాంతమూర్తులనీ రాయడం ఆనవాయితీ. మా ఉస్తాద్ ఆ రెండూ కాదు. తుపాకుల మరమ్మతుకు సర్కారు లైసెన్సు ఉన్న ఆ చిన్న దుకాణంలో ఆయన కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉండేది. ఆ అదురుకు బల్ల మీది మేకులు గలగలమనేవి. బ్యాంకు గార్డులు, అడవి పందుల బెడదకు లైసెన్సు పొందిన రైతులు ఆ చప్పుడు విని "ఉస్తాద్ ఉన్నడు" అనుకొని లోపలికి వచ్చేవారు.

నాది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా నాయన సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మేస్త్రి. మగ్గాల ఇనుప చప్పుళ్ళలో పెరిగినదాన్ని, జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉంటూ ఈ పనికి కుదిరాను. "ఆడపిల్లకు తుపాకులేంది ఉస్తాద్?" అని ఒకాయన ముఖం మీదే అడిగాడు. "తుపాకినడుగు, దానికేమన్న ఇబ్బంది ఉన్నదా?" అన్నారు ఉస్తాద్, తల ఎత్తకుండానే.

మొదటి రోజే నా గాజులు తీయించారు. "చేతి చూడీలు డబ్బల పెట్టు. ఇక్కడ చూసే చూడీలు వేరే." ఉర్దూలో చూడీ అంటే గాజు, బోల్టు మీది మర కూడా. మా దుకాణంలో తుపాకి గొట్టాన్ని నాల్ అనేవాళ్ళం, దాని లోపల మెలికలుగా కోసిన గాడులను చూడీలు అనేవాళ్ళం. అవి తూటాను పట్టి గిరగిరా తిప్పుతాయి, అందుకే అది తిన్నగా పోతుంది. గొట్టం అవతలి చివర తెల్ల కాగితం పెట్టి, వెలుగుకేసి చూసి, చూడీల ఆరోగ్యం చెప్పడం ఆయన నిత్యవిద్య.

ఆ మాటే ఒకసారి మా ఇద్దరినీ ముంచింది. ఇబ్రహీంపట్నం నుంచి ఒక మాజీ సైనికుడు, మేం ఫౌజీ సాబ్ అనేవాళ్ళం, సర్కారు అమ్మిన మిగులు ఆయుధాల్లో తనకు లైసెన్సు మీద దొరికిన పాత విదేశీ పిస్తోలు తెచ్చాడు. శుభ్రం చేసింది నేను. తీసుకుపోవడానికి ఆయన వచ్చినప్పుడు ఉస్తాద్ గొట్టంలోకి చూశారు. లోపల అద్దంలా నున్నగా ఉంది.

"చూడీలు యాడ పోయినయ్?"

"ముందే లేవు ఉస్తాద్. గాని కడ్డీ పెడితే తిరుగుతున్నది."

శుభ్రం చేసే కడ్డీకి పిడి వదులుగా ఉంటుంది. లోపల చూడీలుంటే ముందుకు నెడుతున్నకొద్దీ కడ్డీ దానంతటదే తిరుగుతుంది. ఉస్తాద్ నవ్వలేదు. "తిరిగేది కడ్డీ కాదు, నీ చెయ్యి" అన్నారు.

ఫౌజీ సాబ్ పిస్తోలు తీసుకోనని ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు. "ఏం పెట్టి రుద్దినవే పిల్లా? కేసు పెడ్త!" తూటా మీద గొట్టం వదిలే ఆనవాళ్ళు దొరక్కుండా చేయడానికే దాన్ని అరగదీశారని ఎవరైనా అంటే ఆయన లైసెన్సుకూ ముప్పే, మా దుకాణానికీ ముప్పే. ఉస్తాద్ నా వైపు చూడకుండా, "రేపటి సంది రాకు బిడ్డా" అన్నారు. పొమ్మన్నందుకు కాదు, ఆ నోటితోనే బిడ్డా అన్నందుకు ఏడుపొచ్చింది.

తంగళ్ళపల్లికి తిరిగొచ్చాక నాకు నిలకడ లేదు. చీపురు పట్టినా, చెంచా తిప్పినా నా మణికట్టు వంకే చూసుకునేదాన్ని. నిజంగా నా చెయ్యే తిరిగిందా? నా చేతినే నేను నమ్మకపోతే ఇక ఏ పని చేసుకొని బతకను? తుపాకి చెడగొట్టిన పిల్ల అన్న పేరు అప్పటికే సిరిసిల్ల దాకా పాకింది.

ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం వాకిట్లో మోపెడ్ ఆగింది. కొండగట్టు మీదుగా ఎండలో అంత దూరం వచ్చిన ఉస్తాద్ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"నీ చెయ్యి కాదు బిడ్డా, కడ్డీని నాలే తిప్పుతున్నది! పొద్దుగాల నేనే కడ్డీ పెట్టిన, నా చేతిల తిరిగింది. ఇగ బుక్క లోపలికి పోతలేదు, లేచి అచ్చిన."

జేబులోంచి మెత్తని సీసం ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. దాన్ని ఆ గొట్టంలోంచి నెట్టి తీశారట. గుండ్రటి ముక్కకు ఆరు పలకలు తేలాయి. పలకకూ పలకకూ మధ్య పదును లేదు, గోటికి ఏమీ తగల్లేదు. పలకలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

"గీ నాల్‌కు చూడీలు కోయలే. గొట్టమే లోపల ఆరు పలకలు. మూలలు గుండ్రంగ జేసి, మొత్తం మెలితిప్పిండ్రు. తూటాను గా పలకలే తిప్పుతయ్. నేను చూడీల కోసం చూసిన, అవి దొరకలే. నేర్సుకున్న మాటే నా కండ్లకు అడ్డమొచ్చింది."

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. "పదిమందిల అన్న మాట, పదిమందిలనే తీసుకోవాలె" అని నన్ను బయలుదేరదీశారు.

మర్నాడు దుకాణంలో ఫౌజీ సాబ్, ఇద్దరు బ్యాంకు గార్డులు, పని మీద వచ్చిన రైతులు ఉన్నారు. ఉస్తాద్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఖాళీ గొట్టాన్ని బల్ల మీది పట్టుకారులో బిగించి, కడ్డీ అందించి ఒక్కొక్కరినీ నెట్టమన్నారు. అందరి చేతుల్లోనూ కడ్డీ తిరిగింది. చివర ఫౌజీ సాబ్ నెట్టాడు. మళ్ళీ వెనక్కి లాగి నెట్టాడు. "అరే, నిజమే" అన్నాడు. అప్పుడు ఉస్తాద్, "గీ పిల్ల చెయ్యి మంచిగనే ఉన్నది. నా కన్ను తప్పింది. అందరు విన్నరు కదా?" అన్నారు. పని నేర్పిన గురువులు లోకంలో చాలామంది ఉంటారు. తన వల్ల పోయిన పేరును తన చేత్తోనే తెచ్చి ఇచ్చిన గురువును నేను ఒక్కరినే చూశాను.

ఆనాటి నుంచి అది మా ఇద్దరి మధ్య వేళాకోళమైంది. నేను ఏ గొట్టంలో కడ్డీ పెట్టినా వెనక నుంచి అడిగేవారు: "చెయ్యా, నాలా?" "నాలే ఉస్తాద్" అనేదాన్ని. ఒక్కోసారి విసుక్కుంటూ కూడా అనేదాన్ని.

అటువంటి మనిషి పోయారంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. ఎవరి మీద కోపపడాలో తెలియదు. చాయ్ చల్లారేదాకానైనా ఆగవలసింది, ఉస్తాద్!

నిన్న దుకాణం తీశాను. ఎవరిదో రైఫిల్ ముందేసుకొని కడ్డీ నెట్టాను. చేతిలో మెల్లగా తిరిగింది. ఎవరూ అడగకుండానే "నాలే ఉస్తాద్" అన్నాను, వెనక్కి తిరిగి చూశాను. బల్ల మీది మేకులు కదలలేదు.