మూడోసారికి పచ్చబడిన బిల్డ్

ఉమోజా పేట వీధుల్లో కెరుబోను అందరూ కంప్యూటర్ల డాక్టరమ్మ అనేవారు. నిజానికి ఆమెది చాలా విసుగుపుట్టించే పని. వందమంది రాసిన ప్రోగ్రాము ముక్కల్ని ఆఫీసులో యంత్రమే ఒకటిగా కూర్చి పరీక్షిస్తుంది. దాన్నే బిల్డ్ అంటారు. అన్నీ కుదిరితే తెరమీద పచ్చగా వస్తుంది, ఏది చెడినా ఎర్రగా వస్తుంది. ఎర్రబడినప్పుడు ఎవరి ముక్క చెడిందో కనిపెట్టి చెప్పడం కెరుబో వంతు.

బిల్డ్ చెడగొట్టినవాళ్లు అందరికీ నూనెలో వేయించిన వేడివేడి మందాజీలు కొనిపెట్టాలని ఆ ఆఫీసులో ఒక ఆచారం. మందాజీల ఖర్చు ఎవరికీ బరువు కాదు గానీ, అవి నములుతూ తోటివాళ్లు విసిరే ఎత్తిపొడుపులు భరించడమే కష్టం. అందుకని అందరూ ఎర్రబడ్డ బిల్డ్‌ను చప్పుడు చేయకుండా పచ్చబడేదాకా మళ్లీ మళ్లీ నడిపించేవారు. చివరికి పైఅధికారి ముటుకు ఆ పనీ యంత్రానికే అప్పజెప్పమన్నాడు. మూడుసార్లు నడిపి, ఒక్కసారి పచ్చబడినా ఎవరికీ కబురు పెట్టొద్దన్నాడు. ఒకసారి చెడి, ఇంకోసారి బాగుండటమే అసలు జబ్బని కెరుబో మొత్తుకుంది. ఆయన చెవిన పెట్టలేదు. ఉద్యోగం కదా, చేసిపెట్టింది.

న్యామిరా వైపు తేయాకు కొనే కేంద్రాల్లో తూకం లెక్కలు చూసేది ఆ సాఫ్ట్‌వేరే. రెండు కాటాలు ఒకే క్షణంలో బరువు పంపితే ఒకటి ఎగిరిపోయేది. పరీక్షలో ఆ తప్పు అప్పుడప్పుడూ పట్టుబడినా, యంత్రం మళ్లీ నడిపి పచ్చ చూపించి ఊరుకునేది. అక్కడేమో పొద్దున్నుంచీ ఆకు కోసి మోసుకొచ్చిన ఆడవాళ్ల బరువులు మాయమైపోయాయి. తూకం గుమాస్తా ఓంబాటే మింగేశాడన్నారు. చొక్కా చించి కొట్టారు. అతని కొలువూ ఊడింది.

సంగతి ఆఫీసుకు చేరగానే కెరుబో పాత బిల్డులన్నీ తవ్వి తప్పు పట్టుకుంది. ముటుకు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆ మనిషి దొంగ కాదని ఒక్క ముక్క రాసి పంపండి."

"మన బిల్డ్ పచ్చగా వచ్చిందా, లేదా?"

"మూడోసారికి వచ్చింది సార్."

"వచ్చింది కదమ్మా. తప్పు సరిచేసి ఊరుకో. అయినా మూడుసార్లు నడపమని రాసిందెవరు, నేనా? అక్కడ ఉన్నది నీ పేరు."

ఊరుకోలేదు కెరుబో. జరిగిందంతా తన పేరుతోనే, ఆ కేంద్రాలను నడిపే తేయాకు ఫ్యాక్టరీకి రాసి పంపింది. ఇంటిగుట్టు బయటపెట్టిందని ఆఫీసువాళ్లు ఆమెను పంపించేశారు. ఫ్యాక్టరీవాళ్లు ఉత్తరం అందిందన్నారు, అంతే. ఓంబాటి చోట అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు.

కెరుబో పట్టపగలు ఇంట్లో ఎందుకుంటోందో తెలుసుకునేదాకా వీధికి నిద్రపట్టలేదు. ఆమె మాత్రం నంబరు సంపాదించి ఓంబాటికి ఫోన్ చేసింది. అతను చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"మొదటిసారి చెడిపోయినప్పుడు మీ యంత్రం ఆ సంగతి ఎవరికి చెప్పింది చెల్లీ?"

"ఎవరికీ చెప్పలేదన్నా. చెప్పొద్దని దానికి రాసిపెట్టింది నేనే."

అవతల ఓంబాటి ఫోన్ పెట్టేశాడు.